మిరియాల వాసన వచ్చే ఎర్ర వైన్

(తెరపై: మద్యపానం ఆరోగ్యానికి హానికరం. చట్టప్రకారం మద్యం తాగే వయసు వచ్చినవారికే ఈ వీడియో.)

(దృశ్యం: సీసా లేబుల్ దగ్గరగా)

ఎర్ర వైన్ ఒకసారి రుచి చూసి, వగరు తప్ప ఏమీ లేదని పక్కన పెట్టేశారా? అయితే ఈసారి కోత్ దు రోన్‌తో మొదలుపెట్టండి. ఫ్రాన్స్ ఆగ్నేయంలో రోన్ నది లోయది ఈ వైన్. ఏ ప్రాంతంలో, ఏ ద్రాక్షతో చేస్తే ఈ పేరు పెట్టుకోవచ్చో 1937 నుంచీ అక్కడ నిబంధనలు ఉన్నాయి.

(దృశ్యం: మ్యాపుపై రోన్ నది, అవిన్యోన్ నగరం)

అవిన్యోన్ చుట్టుపక్కల చేసే ఎర్ర వైన్‌లో సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ రకాల ద్రాక్ష కలుస్తుంది. పెద్ద వాటా గ్రెనాష్‌ది. ఎండకు బాగా పండి తియ్యగా అవుతుంది, ఆ తీపే ఆల్కహాల్‌గా మారుతుంది కాబట్టి వైన్‌లో ఆల్కహాల్ 14 శాతం దాకా వెళ్లడం మామూలే. తొక్క మాత్రం పలుచన, రంగు తక్కువ. ఆ లోటు తీర్చేది సిరా అనే మరో ద్రాక్ష రకం. మూర్వెద్ర్ ఆలస్యంగా పండే మొండి రకం, కొద్దిగా కలిపినా వైన్‌కు బలం వస్తుంది.

(దృశ్యం: ఫ్రిజ్‌లోంచి సీసా తీయడం)

ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలంటారు. ఆ మాట చల్లటి యూరప్ ఇళ్లలో పుట్టింది. మే నెల విజయవాడలో దాన్ని పాటిస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప మరేమీ తెలియదు. ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి, 16 డిగ్రీల దగ్గర పోసుకోండి.

(దృశ్యం: మూడో వంతు నింపిన గ్లాసును మెల్లగా తిప్పడం)

గ్లాసు తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకోండి. ముందు ఎర్రటి పండ్ల వాసన వస్తుంది. దాని వెనకే, సిరా తగినంత ఉంటే, అప్పుడే దంచిన మిరియాల వాసన. ఇది ఊహ కాదు. ఆ వాసనకు కారణమైన రొటండోన్ అనే పదార్థాన్ని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించారు. మిరియాల్లో ఉన్నదీ సిరాలో ఉన్నదీ అదే. తమాషా ఏమిటంటే, దాదాపు ఐదుగురిలో ఒకరి ముక్కుకు అది అందదు. మీకు తెలియకపోతే వైన్‌నూ మిమ్మల్నీ తప్పుపట్టకండి.

ఇప్పుడు చిన్న గుటక. నోట్లో కాసేపు తిప్పండి. చిగుళ్లు పట్టేసినట్టు అనిపించేది టానిన్, నేరేడు పండు తిన్నాక ఉండే వగరు లాంటిదే. మాంసంలోని కొవ్వూ మాంసకృత్తులూ దాన్ని మెత్తబరుస్తాయి. అందుకే అక్కడివాళ్లు ఈ వైన్‌తో రోజ్‌మేరీ, థైమ్ ఆకులు వేసి కాల్చిన గొర్రె మాంసం తింటారు. శాకాహారులకు వంకాయ, టమాటా, క్యాప్సికమ్ ఆలివ్ నూనెలో మగ్గించిన రతతూయ్ ఉంది.

(దృశ్యం: మూకుడులో వేగుతున్న మటన్, పైన మిరియాల పొడి)

మన వంటతో అసలు చిక్కు కారం దగ్గర వస్తుంది. పచ్చిమిర్చి, ఎండుమిర్చి మంటను ఆల్కహాల్ ఇంకా పెంచుతుంది, టానిన్ గరుకుగా తగులుతుంది. గోంగూర మటన్ నాకు ప్రాణమే కానీ, ఆ పులుపు ముందు ఈ వైన్ చప్పబడిపోతుంది. దానికి దీన్ని జత చేయకండి.

సరిగ్గా కుదిరేది మిరియాల మటన్ వేపుడు. ఎండుకారం దాదాపు మానేసి, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, దించే ముందు కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు చల్లండి. పళ్లెంలోని ఘాటు గ్లాసులోని ఘాటును పైకి లాగుతుంది. మాంసం తిననివారు కారం తగ్గించిన గుత్తి వంకాయ ప్రయత్నించవచ్చు. నువ్వులు, వేరుశనగల నూనెదనం వగరును కాస్త అణుస్తుంది.

సీసా మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది, తాగే ముందు కాసేపు బయట పెడితే చాలు.