అక్షరాలొచ్చాయని చదివి వినిపించడం మానేయకండి

అందరికీ నమస్కారం.

మన ఇళ్లలో పిల్లలకు కథ చదివి వినిపించడం చాలావరకు ఒకటో తరగతితోనే ఆగిపోతుంది. "అక్షరాలొచ్చాయి కదా, ఇక నువ్వే చదువుకో" అనేస్తాం. పొరపాటు అక్కడే. చదవడంలో రెండు పనులున్నాయి: కనబడిన అక్షరాన్ని పలకడం, పలికిన మాటను అర్థం చేసుకోవడం. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో వీటిని గుణకారంలా చూడమన్నారు. ఏ ఒక్కటి సున్నా అయినా వచ్చేది సున్నానే. బిడ్డ మొదటి పనితో కుస్తీ పడుతున్నంత కాలం రెండో పని వెనకబడకుండా చూసేది మీ గొంతే.

ఆ కుస్తీ రెండు మూడేళ్లు సాగుతుంది. ఇంగ్లీషుకు 26 అక్షరాలు. మనకు అచ్చులు, హల్లులు కలిపి 50 పైనే. అన్ని హల్లుల గుణింతాలూ లెక్కేస్తే రూపాలు 400 దాటుతాయి, ఆపైన ఒత్తులు. వ, ప, మ చిన్న కళ్లకు ఒకేలా ఉంటాయి. "అమ్మ"లో ఒత్తు ఇబ్బంది పెట్టదు, పైనా కిందా అదే అక్షరం. "శక్తి" దగ్గర చూడండి. గుడి ఉన్నది క మీద, పలకాల్సింది కింద ఉన్న త తర్వాత. బిడ్డ "శకిత" అని చదివితే అది అజాగ్రత్త కాదు, కనబడిన వరుసలోనే చదివింది. కసరకండి. పలక మీద శ, క్, తి అని విడదీసి రాసి, కలిపి పలికించండి. రోజుకు అలాంటి మాటలు రెండు చాలు.

2018 చట్టంతో తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది కాబట్టి ఇంగ్లీషు మీడియం ఇళ్లకూ ఇది వర్తిస్తుంది. ఇంకో సంగతి. ఇంట్లో "యాడికి పోతున్నవ్" అని వినే బిడ్డకు పుస్తకంలో "ఎక్కడికి వెళ్తున్నావు" అని కనిపిస్తుంది. ఇంటి మాట తప్పని ఎప్పుడూ అనకండి. ఆ మాటకు పక్కన ఈ మాట చేరాలి, అంతే. ఇక వాగు, మేత, పొద లాంటివి అపార్ట్‌మెంట్ లిఫ్టులో వినబడవు. అవి కథలోంచే రావాలి.

పద్ధతి చెబుతాను. రోజూ ఒకే వేళకు పదిహేను నిమిషాలు. ఏడాది బిడ్డకైతే రెండు నిమిషాలు, అట్ట పుస్తకం. ఒకే కథను మూడు రోజులు తీసుకోండి. మొదటి రోజు ఆపకుండా చదవండి, వేలు వరుస కింద నడుస్తూ ఉండాలి. రెండో రోజు రెండు మూడు కొత్త మాటల దగ్గర ఆగండి. మూడో రోజు బొమ్మలు చూపించి కథ బిడ్డతో చెప్పించండి. "ఇదేం రంగు?" అంటే ఒక్క మాటలో జవాబొస్తుంది. "వాడెందుకు దాక్కున్నాడు?" అంటే వాక్యం వస్తుంది. అడిగాక ఐదు సెకన్లు ఊరుకోండి. మనవాళ్లకు ఇదే కష్టం, జవాబు మనమే చెప్పేస్తాం. కథ అయ్యీ అవ్వగానే "నీతేమిటి?" అనడం కూడా మానాలి. ఆ ప్రశ్నతో కథ కాస్తా పరీక్ష పేపరవుతుంది.

బిడ్డ తానే చదువుతున్నప్పుడు తడబడితే మూడు సెకన్లు చూసి, మాట అందించి ముందుకు పోనివ్వండి. ఇరవై మాటల్లో ఒకటికి మించి ఆగిపోతుంటే ఆ పుస్తకం ఇంకా బరువే. దాన్ని మీరు చదివి వినిపించండి, తనకు తేలికైనది ఇవ్వండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ లాంటి చోట్ల బిడ్డనే ఎంచుకోనివ్వండి.

స్టాప్‌వాచ్ పెట్టి, బిడ్డ నిమిషానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలు చదివింది, తెలుగులో ఎన్ని అని పోల్చేవాళ్లున్నారు. ఆ పోలిక కుదరదు. "వెళ్ళిపోతున్నాడట" మనకు ఒక్క మాట. ఇంగ్లీషులో చెప్పి చూడండి ఎన్నవుతాయో.

రెండో తరగతి అయిపోతున్నా మామూలు గుణింతాల దగ్గరే ఆగిపోతుంటే, ముందు కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించండి. రెండూ బాగుంటే అభ్యసన ఇబ్బందులను పరీక్షించే నిపుణుల దగ్గరకు వెళ్లండి. పరీక్ష ఏ భాషలో చేస్తారో అడగండి. ఇంగ్లీషులో మాత్రమే చేస్తే బిడ్డ తెలుగు ఎక్కడ చిక్కుకుందో బయటపడదు. ఈ తిరుగుడు నెలలు పట్టినా రాత్రి పదిహేను నిమిషాలు ఆపొద్దు.