అట్టలు చదివిన మగ్గం

శ్రోతలకు నమస్కారం.

తనంతట తాను పనిచేసే యంత్రం అనగానే మనకు కార్ల ఫ్యాక్టరీలో రోబోలో, వీధి చివర ఏటీఎమ్మో గుర్తొస్తాయి. నన్నడిగితే ఆ కథను మగ్గం దగ్గర మొదలుపెట్టాలి.

ఫ్రాన్స్‌లో లియాన్ పట్టునేతకు పేరుపడ్డ ఊరు. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ పువ్వుల డిజైన్ నేయాలంటే మగ్గానికి ఇద్దరు కావాలి. నేతగాడు నాడె విసురుతుంటే, పక్కన ఇంకొకరు తాళ్లు లాగుతూ ఉండాలి. ఏ వరసలో ఏ పడుగు పోగులు, అంటే నిలువు పోగులు, పైకి లేవాలో ఆ తాళ్ల లెక్క. చాలాచోట్ల ఈ చాకిరీ పిల్లల మీద పడేది. ఒక్క తాడు తప్పిందా, పువ్వు చెడినట్టే.

ఈ పనిని యంత్రానికి అప్పగించాలని 1745లో వోకాన్సన్ అనే ఫ్రెంచి యంత్ర నిపుణుడు ప్రయత్నించాడు. గింజలు తిని రెట్ట వేసే బాతుబొమ్మ చేసి పారిస్‌ను ఆశ్చర్యపరిచింది కూడా ఈయనే. రెట్ట సంగతి మాత్రం గారడీ, ముందే లోపల పెట్టి ఉంచేవాడు! ఆయన మగ్గం వాడుకలోకి రాలేదు. 1804లో జోసెఫ్ మరీ జాకార్డ్ దాన్ని దారిలో పెట్టాడు.

కిటుకు అట్టల్లో ఉంది. అడ్డంగా నేసే ఒక్కో పేక వరసకు ఒక్కో అట్ట. అట్టలో రంధ్రం ఉన్నచోట సూది లోపలికి దూరుతుంది, దాని కొక్కెం పడుగు పోగును పైకి ఎత్తుతుంది. రంధ్రం లేనిచోట పోగు కిందే ఉండిపోతుంది. అట్టల్ని దండలా కుట్టి మగ్గం పైన వేలాడదీస్తే, ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతూ వస్తాయి. డిజైన్ మార్చాలంటే అట్టల దండ మారిస్తే చాలు. తాళ్లు లాగేవాళ్ల అవసరం తీరిపోయింది. లియాన్ నేతగాళ్లు ఊరుకోలేదు, పొట్ట కొడుతున్నాడని జాకార్డ్ మీద మండిపడ్డారు. వాళ్ల భయం ఉత్తది కాదు.

ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఈ అట్టలనే అరువు తెచ్చుకున్నాడు. ఆ యంత్రం పూర్తి కాలేదు గానీ, 1890లో అమెరికా జనాభా లెక్కల్ని హోలెరిత్ అనే ఇంజనీరు రంధ్రాల కార్డులతోనే తేల్చాడు. జాకార్డ్ పేరుతోనే పిలిచే ఆ అట్టల అమరిక మన ధర్మవరం మగ్గాల మీదికీ వచ్చింది.

జపాన్‌లో సకీచి టొయోడా పట్టుకున్నది ఇంకో చిక్కు. పోగు తెగినా మగ్గం ఆడుతూనే ఉంటే గుడ్డంతా పాడు. 1924 నాటి ఆయన మగ్గం పోగు తెగితే దానంతటదే ఆగిపోయేది. ఆగడం తెలిసిన యంత్రాన్ని కాపలా కాయక్కర్లేదు, ఒక్క మనిషి చాలా మగ్గాలు చూసుకోవచ్చు. ఆయన కొడుకు తర్వాత కార్ల కంపెనీ పెట్టాడు. లోపం కనబడగానే ఆపేయాలన్న పద్ధతి అక్కడికీ వెళ్లింది.

ఇక మన ఆలేరు దగ్గరికి వద్దాం. పోచంపల్లి తరహా చీరకు రంగులద్దకముందు నూలును ఆసు పోయాలి. కూర్చుని, అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల చుట్టూ పోగును చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు, నాలుగైదు గంటల పని. చేసేది ఇంట్లో ఆడవాళ్లే. ఆ చెయ్యి సాయంత్రానికి పైకి లేవదు. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. అదే పని గంటన్నరలో అయిపోతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

లియాన్‌లో యంత్రం కొందరి కూలి తీసేసింది. ఇక్కడ కుటుంబం చేతిలోని పని పోలేదు, నొప్పి పోయింది. యంత్రం ఆ ఇంటిదే కావడం వల్ల ఈ తేడా వచ్చిందని నా అభిప్రాయం. పోచంపల్లి డిజైన్‌ను మిల్లు గుడ్డ మీద అచ్చు కొట్టి చవగ్గా అమ్మేదీ యంత్రమే. దాని లాభం మాత్రం నేత ఇంటికి రాదు.

నమస్కారం.