సముద్రం చూడని పిల్లలకు తిమింగలం పాఠం: పాలమూరు, నల్గొండ టీచర్ల కోసం

(తెర మీద: బడి గ్రౌండ్. ముగ్గు పిండితో గీసిన కబడ్డీ కోర్టు.)

వాయిస్: నమస్తే. నీలి తిమింగలం 30 మీటర్ల దాకా పెరుగుతుందని మూడో తరగతిలో చెప్తే పిల్లలు తల ఊపుతారు, నోట్సులో రాసుకుంటారు. ఎంత పెద్దదో మాత్రం తెలియదు. మక్తల్‌లోనో దేవరకొండలోనో చదివే పిల్లల్లో సముద్రం చూసినవాళ్ళు చాలా తక్కువ. అందుకే ఈ పాఠాన్ని పుస్తకంలో బొమ్మతో మొదలుపెట్టకండి. పిల్లల్ని బయటికి తీసుకెళ్ళండి.

పెద్ద మగవాళ్ళు ఆడే కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు. టేపు పట్టి, అలాంటివి రెండు ఒకదాని వెనక ఒకటి గీయించండి. 26 మీటర్లు అవుతుంది. తిమింగలం ఇంకా 4 మీటర్లు బయటికే ఉంటుంది! ఆ గీత పొడవునా పిల్లల్ని నిలబెట్టి, తల దగ్గరున్న పిల్లతో తోక దగ్గరున్న పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలిపించండి. ఎంత గట్టిగా అరవాల్సి వస్తుందో వాళ్ళకే తెలుస్తుంది.

తర్వాత అదే టేపుతో తరగతి గదిని కొలవండి. నీలి తిమింగలం పిల్ల పుట్టినప్పుడే సుమారు 7 మీటర్లు ఉంటుంది. బరువు రెండు టన్నుల పైనే. తల్లి పాలు తాగి రోజుకు 90 కిలోల దాకా బరువు పెరుగుతుంది. ఈ మాట చెప్పాక క్లాసులో కాసేపు గోల తప్పదు. గోల చేయనివ్వండి.

(తెర మీద: బర్రె, పక్కన దూడ. దాని పక్కనే తిమింగలం, దాని పిల్ల.)

వాయిస్: పాలు అన్నాం కదా, పాఠానికి అసలు తలుపు అక్కడ తెరుచుకుంటుంది. మన పిల్లలకు బర్రె ఈనడం, దూడ పాలు తాగడం ఎవరూ నేర్పక్కర్లేదు. ‘బర్రె గుడ్లు పెడుతుందా?’ అని అడగండి, నవ్వుతారు. తిమింగలం కూడా పెట్టదు. పిల్లను కంటుంది, పాలిస్తుంది, ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. నీళ్ళలో ఉన్నా అది చేప కాదు.

ఇక్కడ ఒక పిల్లవాడు తప్పకుండా చెయ్యెత్తుతాడు. ‘సార్, కొర్రమట్ట గూడ పైకొచ్చి గాలి పీల్చుకుంటది గదా!’ అంటాడు. చెరువు గట్టున పెరిగిన పిల్లవాడి ప్రశ్న అది. దాన్ని దాటేయకండి. వాడు చెప్పింది నిజం. మన రాష్ట్ర చేప కొర్రమట్టకు మొప్పలతో పాటు తలలో గాలి పీల్చుకునే ప్రత్యేకమైన అర కూడా ఉంది. అందుకే బకెట్‌లో కొద్దిపాటి నీళ్ళలో వేసినా బతికి ఉంటుంది. కానీ దానికి ఊపిరితిత్తులు లేవు, పిల్లలకు పాలివ్వదు. తిమింగలానికైతే మొప్పలే లేవు. తల పైన ముక్కు ఉంటుంది. పైకి వచ్చి ఊపిరి పీల్చుకోకపోతే చచ్చిపోతుంది.

బొమ్మల్లో తిమింగలం తల మీద ఫౌంటెన్‌లా నీళ్ళు చిమ్ముతున్నట్టు వేస్తారు. దాన్ని సరిచేయండి. అది ఊపిరితిత్తుల్లోంచి వచ్చే వెచ్చని, తడి గాలి. చలికాలం పొద్దున మన నోట్లోంచి వచ్చే ఆవిరి కూడా ఇలాంటిదే.

(తెర మీద: ఎడమ వైపు చెరువు చేప తోక, కుడి వైపు తిమింగలం తోక.)

వాయిస్: తోకలు చూపించండి. చేప తోక పక్కలకు ఊగుతుంది, తిమింగలం తోక పైకీ కిందికీ ఊగుతుంది. ఎందుకు? పరుగెత్తే కుక్క నడుము చూడమనండి. అది కూడా పైకీ కిందికీ వంగుతుంది. ఎందుకంటే తిమింగలాల పూర్వీకులు నేల మీద నాలుగు కాళ్ళతో నడిచిన జంతువులు.

నాకు చాలా ఇష్టమైన కథ ఇది, కాస్త నిదానంగా చెప్పండి. ఎ. రంగారావు అనే భారతీయ భూగర్భ శాస్త్రవేత్త జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర శిలాజాలున్న రాళ్ళు సేకరించారు. 1971లో అందులోని ఒక జంతువుకు ఇండోహయస్ అని పేరు పెట్టారు. ఆయన పోయాక ఇంట్లో మిగిలిన రాళ్ళను ఆయన భార్య థెవిసెన్ అనే శాస్త్రవేత్తకు ఇచ్చారు. వాటిని శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె విరిగి చెవి ఎముక బయటపడింది. ఆ ఎముక ఒక వైపు దళసరిగా, అచ్చం తిమింగలాల చెవి ఎముకలా ఉంది. 2007లో ఆ సంగతి లోకానికి తెలిసింది. పిల్లి అంత సైజున్న, జింకలాంటి ఆ గిట్టల జంతువు సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ళ కిందటిది, తిమింగలాలకు దగ్గరి చుట్టం. ఈనాడు బతికున్న నేల జంతువుల్లో తిమింగలానికి అందరికంటే దగ్గరిది నీటిగుర్రం. బర్రె, గొర్రె, మేక కూడా ఆ పెద్ద వంశంలోవే. తిమింగలం పొట్ట ఇప్పటికీ బర్రె పొట్టలా అరలు అరలుగానే ఉంటుంది.

(తెర మీద: గిన్నెలో నీళ్ళు, అందులో జొన్న రవ్వ. పక్కన పేల దువ్వెన.)

వాయిస్: అంత పెద్ద జంతువు ఏం తింటుంది? పేల దువ్వెనను నీళ్ళలోంచి లాగండి. నీళ్ళు జారిపోతాయి, రవ్వ దువ్వెనకు పట్టుకుంటుంది. నీలి తిమింగలానికి పళ్ళు ఉండవు. పై దవడ నుంచి కుచ్చుల్లా వేలాడే పలకలు ఉంటాయి. మన గోళ్ళు, వెంట్రుకలు ఏ పదార్థంతో తయారవుతాయో అవీ దానితోనే తయారవుతాయి. నోటి నిండా నీళ్ళు పట్టి బయటికి నెడితే, క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న జీవులు లోపల మిగులుతాయి. మేత దొరికే కాలంలో రోజుకు టన్నుల కొద్దీ తింటుంది. ‘మనిషిని మింగుతుందా?’ అని అడుగుతారు. మింగలేదు, గొంతు సన్నం.

తిన్నది బయటికి వస్తుంది కదా. ఈ భాగం చెప్పడానికి సిగ్గుపడకండి, పిల్లలకు జీవితాంతం గుర్తుండేది ఇదే. ఎండాకాలంలో మన రైతులు పొలంలో గొర్ల మంద పెట్టిస్తారు, ఆ ఎరువుతో పంట పండుతుంది. సముద్రంలో ఆ పని తిమింగలాలది. వాటి పేడలో ఇనుము ఉంటుంది. అది నీటి పైపొరలో కంటికి కనిపించని నాచులాంటి సూక్ష్మజీవులకు ఎరువు. ఆ సూక్ష్మజీవుల్ని క్రిల్ తింటాయి, క్రిల్‌ని తిమింగలం తింటుంది. భూమి మీద తయారయ్యే ఆక్సిజన్‌లో దాదాపు సగం ఇలాంటి సముద్రపు సూక్ష్మజీవుల వల్లే వస్తుంది. నల్గొండలో కూర్చుని పీల్చే గాలిలోనూ సముద్రం వాటా ఉందన్నమాట.

(తెర మీద: నాగార్జునసాగర్ డ్యాం.)

వాయిస్: సముద్రం లోతు చెప్పడానికి సాగర్ డ్యాం చాలు. దాని ఎత్తు సుమారు 124 మీటర్లు. సముద్రం సగటు లోతు అలాంటి డ్యాంలు 30 ఒకదాని మీద ఒకటి పేర్చినంత. ఊపిరి బిగబట్టి కిలోమీటరుకు మించిన లోతుకు దిగగలిగే స్పెర్మ్ తిమింగలానికి అక్కడ కటిక చీకటి, శబ్దమే దారి. నీళ్ళలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు వెళ్తుంది, గాలిలో 340 దగ్గరే. బల్లకు చెవి ఆనించి, అవతలి చివర గోటితో గీకమనండి. గాలిలో వినిపించని చప్పుడు బల్లలోంచి ఎంత స్పష్టంగా వస్తుందో తెలుస్తుంది.

ఫోన్‌లో తిమింగలం పాట వినిపించేటప్పుడు ఒక జాగ్రత్త. నీలి తిమింగలం గొంతు చాలా మంద్రం, చాలావరకు మన చెవికి అందదు. ఆన్‌లైన్‌లో దొరికేవి తరచూ స్పీడు పెంచినవి. హంప్‌బ్యాక్ తిమింగలం పాట వినిపించండి, అది ఉన్నది ఉన్నట్టే వినొచ్చు.

(తెర మీద: కృష్ణా నది మ్యాపు.)

వాయిస్: నాలుగు, ఐదు తరగతుల పిల్లలకైతే కృష్ణమ్మ దారి గీయించండి. మహాబలేశ్వరంలో పుట్టి, మక్తల్ వైపు నుంచి మన నేల మీదికి వచ్చి, జూరాల, శ్రీశైలం, సాగర్ దాటుతుంది. వాడపల్లి దగ్గర మూసీని కలుపుకుని హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మీ ఊరి వాగు ఎక్కడ కలుస్తుందో వాళ్ళనే వెతకమనండి. వాగులో వేసిన ప్లాస్టిక్ కవరు డ్యాంల దగ్గర ఆగొచ్చు, వరదకు గేట్లు ఎత్తితే ముందుకూ పోవచ్చు. 2019లో ఫిలిప్పీన్స్ తీరంలో చనిపోయిన ఒక తిమింగలం కడుపులో 40 కిలోల ప్లాస్టిక్ దొరికింది.

ఒకటి, రెండు తరగతులకు మాత్రం ఈ చివరి సంగతి ఇప్పుడే వద్దు. చనిపోయిన తిమింగలం ఫోటో అసలే వద్దు. ఆ వయసుకు గ్రౌండ్‌లో గీత, దువ్వెన, పేడ కథ చాలు. మిగతాది నాలుగో తరగతికి వచ్చాక చెప్పుకోవచ్చు.