పేకలో తల వేడెక్కితే ఏం చెయ్యాలి? టిల్ట్ ఆపే పద్ధతుల మీద మా రివ్యూ

అందరికీ నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాం. ఈరోజు రివ్యూకి తీసుకున్నది చిప్పుల సెట్టు కాదు, ముక్కల పెట్టె కాదు. పోకర్‌లో ఓడి తల వేడెక్కినప్పుడు పాటించమని జనం చెప్పే పద్ధతులు. ఊపిరి పీల్చమంటారు, లేచి పొమ్మంటారు, నోటు పుస్తకంలో రాయమంటారు, ఇంత పోతే ఆపెయ్యమంటారు. వీటిలో ఏది పనికొస్తుంది, ఏది యాడ చేతులెత్తేస్తుంది, అది చూద్దాం.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ వీడియోలో ఆటంతా ఉత్త చిప్పులతోనే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్, రమ్మీ మన రాష్ట్రంలో 2020 నుంచే నిషేధం. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం దేశమంతా ఆపేసింది, నైపుణ్యమా అదృష్టమా అనే తేడా కూడా చూడకుండా. మరి డబ్బు లేనప్పుడు కోపమేంది అంటారేమో. సంక్రాంతికి ఇంట్లో చింతగింజలు పెట్టి ఆడినా ముక్కలు విసిరికొట్టేవాళ్ళున్నారు కదా! ఆ కోపం డబ్బు గురించే కాదు.

కోపం పుట్టే చోటు ఒకసారి దగ్గరగా చూడాలి. ఇదిగో బల్ల మీద పరుస్తున్నాం. టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్ రకం: ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు. మీ చేతిలో ఇస్పేట్ ఆసు, డైమన్ ఆసు. అవతలాయన చేతిలో ఆఠీన్ కింగ్, ఆఠీన్ క్వీన్. ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద మొదట తెరిచే మూడు ముక్కల్లో, ఆఠీన్ 9, ఆఠీన్ 4, కళావర్ 2 పడ్డాయి. ఇక్కడ ఇద్దరి ముక్కలూ తిప్పి చూస్తే, వంద ఆటల్లో దాదాపు 62 మీవి, 38 ఆయనవి. రెండు ఆసులు చేతిలో ఉన్నాయి కాబట్టి ఆట నాదేనని మీరు అనుకుంటారు. కానీ ఆయనకి అప్పుడే నాలుగు ఆఠీన్లున్నాయి, ఇంకొక్కటి పడి ఒకే రంగు అయిదు కలిస్తే మీ ఆసుల జత మీద ఆయనే గెలుస్తాడు. అందుకే ఆయనకి మూడింట ఒక వంతుకు పైనే ఉంది.

టర్న్‌లో, అంటే బల్ల మీద నాలుగో ముక్కగా, ఇస్పేట్ 7 పడింది, ఆయనకి పనికిరాని ముక్క. కనపడని ముక్కలు 44, అందులో ఆఠీన్లు 9. అంటే అయిదింటికి ఒకటి. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన కుప్పలో, 100 చిప్పులున్నాయి, మీరు 70 బెట్ వేశారు, ఆయన కాల్ చేశాడు, అంటే తనూ 70 పెట్టాడు. రివర్‌లో, అంటే చివరి ముక్కగా, ఆఠీన్ 3 పడింది. చిప్పులు ఆయన లాగేసుకున్నాడు.

ఇప్పుడు కాగితం తీసి లెక్కెయ్యండి. 170 గెలవడానికి ఆయన 70 పెట్టాడు. అది గిట్టాలంటే వందకి 29 సార్లన్నా ఆఠీన్ పడాలి, పడేది 20 సార్లే. రివర్‌లో ఇంక బెట్ లేదనుకుంటే, ఆ కాల్ వల్ల ఆయన సగటున 21 చిప్పులు పోగొట్టుకున్నాడు, అవి మీ లాభం. తప్పు నిర్ణయం ఆయనది, సరైన నిర్ణయం మీది, చిప్పులు మాత్రం ఆయన ముందర. ఈ మూడూ ఒకేసారి నిజమని మనసు ఒప్పుకోదు. "వాడెట్టా కాల్ చేస్తాడు" అనే మాట పుట్టేది అక్కడే. నిజానికి అట్టా కాల్ చేసేవాళ్ళు బల్ల మీద ఉండాలనే మీరు కోరుకోవాలి.

పోయినదాని నొప్పి వచ్చినదాని సంతోషం కన్నా పెద్దదని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే చూపించారు. అందుకే సాయంత్రమంతా కూడబెట్టిన చిప్పులు గుర్తుండవు, ఆ ఒక్క ఆఠీన్ 3 గుర్తుంటుంది.

తరవాతి ఆటలో ఏం జరుగుద్దో చూడండి. కింగ్, 8 పడ్డాయి, రంగు కూడా కలవలేదు, మొదట మాట్లాడాల్సింది మీరే. మామూలుగా అయితే చూడకుండా పడేసే చెయ్యి. ఇప్పుడు రెయిజ్ చేస్తారు, అంటే పందెం పెంచుతారు. ఆరుగురు కూర్చున్న బల్ల మీద జాగ్రత్తగా ఆడేవాళ్ళు వంద ఆటల్లో 20, 25 దాకా దిగుతారు. కోపంలో అది 40, 50కి పోతుంది. పోకర్‌లో టిల్ట్ అనేది దీన్నే. అరవడం, ముక్కలు కొట్టడం పైకి కనపడేవి. అసలు నష్టం ఈ అదనపు ఆటల్లో, అదీ చప్పుడు లేకుండా జరుగుతుంది. రమ్మీ ఆడేవాళ్ళకి ఇది బాగా తెలుసు: 20 పాయింట్లకి డ్రాప్ చెయ్యాల్సిన ఆట పట్టుకుని కూర్చుని 80 ఇచ్చుకోవడం.

ఇక పద్ధతులు.

ఊపిరి. నాలుగు సెకన్లు లోపలికి, ఆరు సెకన్లు బయటికి, పదిసార్లు. లోపలికి పీల్చే దానికన్నా వదిలేది ఎక్కువసేపు ఉండాలి, గుండె దడ తగ్గేది అందువల్లే. గట్టిగా, గబగబా పీలిస్తే తల తిరుగుతుంది, దడ ఇంకా పెరుగుతుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే. పదిసార్లకీ పట్టేది 100 సెకన్లు. ఇంట్లో కూర్చుని ఆడే పోకర్‌లో గంటకి 25, 30 ఆటలు పడతాయి, అంటే ఆటకి రెండు నిమిషాలు. ఒక్క ఆట ముక్కలు చూడకుండా ఫోల్డ్ చేస్తే, అంటే పడేస్తే సరిపోతుంది, లేవక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ సుళువుకి మా మార్కులు పదికి ఆరు. దీని బలం మాత్రం తరవాతి ఒకటి రెండు ఆటల దాకే. రాత్రంతా కాపాడదు.

లేచి పోవడం. పది నిమిషాలు. రెండు నిమిషాల్లో వచ్చి కూర్చుంటే ఆ ఆఠీన్ ఇంకా కళ్ళ ముందరే ఉంటుంది. మొహం కడుక్కోండి, నీళ్ళు తాగండి, వాకిట్లో నడవండి. రోహిణి కార్తెలో, కరెంటు పోయిన గదిలో, దాహంతో ఆడుతూ నాకు కోపమెందుకొస్తుందని అడగడంలో అర్థం లేదు, ముందు నీళ్ళు తాగండి. యాడ చెడుతుందంటే, ఆ పది నిమిషాలూ పక్కనోడికి ఆట కథ చెప్పుకుంటూ గడిపితే. చెప్పే కొద్దీ వేడి పెరుగుతుంది. టీ కూడా అప్పుడు వద్దు, దడ మీద ఇంకో దడ.

"ఇంతసేపు పడలేదు కాబట్టి ఇప్పుడు పడుద్ది" అని ధైర్యం చెప్పుకోవడాన్ని కూడా కొందరు పద్ధతంటారు. దీనికి మేము సున్నా ఇస్తాం. 1913 ఆగస్టులో మాంటే కార్లోలో రూలెట్ చక్రం మీద వరసగా 26 సార్లు నలుపే పడింది. ఇక ఎరుపు రావాల్సిందేనని జనం పెంచుకుంటూ పోయి మునిగారు. కలిపి పంచిన ముక్కలకి పాత ఆట గుర్తుండదు. రెండు ఆసులు సగటున 221 ఆటలకి ఒకసారి వస్తాయి, పోయిన ఆటలో వచ్చినా రాకపోయినా లెక్క అదే.

నోటు పుస్తకం. మాకు బాగా నచ్చింది ఇది, కానీ జనం రాసే తీరు తప్పు. "ఈరోజు 300 చిప్పులు పోయినాయి" అని రాస్తే అది పద్దు. రాయాల్సింది అయిదు గళ్ళు: నా ముక్కలు, అవతలాయన దగ్గర ఏముందనుకున్నాను, నా గెలుపు వందకి ఎంత అనుకున్నాను, ఏం చేశాను, కోపం పదికి ఎంత. ఫలితానికి గడి పెట్టొద్దు. కోపం ఆరు దాటిన ఆటలే రాయండి, అన్నీ రాయబోతే రెండో రోజుకి పుస్తకం మూలన పడుద్ది. చదవడం మర్నాడు పొద్దున, అదే రాత్రి కాదు. నాలుగు వారాలు రాస్తే మీ కోపం రకమేదో బయటపడుద్ది. కొందరికి దురదృష్టం మీద, కొందరికి ఒకే మనిషి మీద, కొందరికి తమ తప్పు మీద. ఒకే మనిషి మీద కోపమున్నవాళ్ళు ఆయనతో ఆడిన ఆటలే ఎక్కువగా రాసుంటారు. వాళ్ళకి మందు కుర్చీ మారడమే. ఊపిరితో పోయే కోపం కాదది. పదికి ఎనిమిది.

ఇక ముందే రాసుకున్న హద్దు. అన్నిట్లో గట్టిది ఇదే. కూర్చోకముందే, తల చల్లగా ఉన్నప్పుడే చీటీ మీద రాయాలి: రెండు బై-ఇన్‌లు పోతే లేదా గంటన్నర దాటితే, ఏది ముందైతే అది, లేస్తాను. బై-ఇన్ అంటే కూర్చునేటప్పుడు తీసుకునే చిప్పులు. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే చిప్పులు, 1, 2 అయితే బై-ఇన్ 200 చిప్పులు, రెండంటే 400. కోపంలో ఉన్న మనిషిని "ఆపుదామా" అని అడిగితే ఎప్పుడూ "ఇంకొక్క ఆట" అంటాడు, అందుకే ఆ ప్రశ్న అప్పుడు అడగకూడదు. ఈ హద్దు తెగేది ఒక్క కారణం వల్ల: మిగిలిన చిప్పుల పెట్టె చేతికందేంత దగ్గర ఉండటం. పెట్టె ఇంకో గదిలో పెట్టండి, తాళం ఆడని మనిషికియ్యండి. శివరాత్రి జాగారం ఆటల్లో టైము హద్దు ఇంకా ముఖ్యం, నిద్ర ఆగిన కళ్ళకి ఏ చెయ్యైనా మంచిదిగానే కనపడుద్ది.

గెలిచేటప్పుడు కూడా తల వేడెక్కుతుందని గుర్తుపెట్టుకోండి. చిప్పులు పెరిగేకొద్దీ చెత్త ముక్కలతో దిగడం మొదలవుతుంది. దీనికి చిప్పుల హద్దు పనిచెయ్యదు, గంటన్నర హద్దే పనిచేస్తుంది. చీటీలో రెండూ ఉండమన్నది అందుకే.

ఇవన్నీ పనిచెయ్యని చోటొకటి ఉంది. చట్టం దాటి డబ్బు పెట్టి ఆడుతూ, పోయింది రాబట్టాలని అప్పు చేసి మళ్ళీ ఆడుతూ, ఇంట్లో దాస్తున్న మనిషికి చీటీలు, పుస్తకాలు సరిపోవు. అన్నా, అక్కా, అట్టాంటి వాళ్ళు మీ ఇంట్లో ఉంటే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వం పెట్టిన మానసిక ఆరోగ్య సేవ అది, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. ఆడే మనిషి వద్దంటే ఇంట్లోవాళ్ళయినా చెయ్యొచ్చు. నంబరు స్క్రీన్ మీద ఉంచుతున్నాం.