చప్పట్లు పడినచోట ఏముంది? శ్రుతి, లయ, రుచి మీద ఒక పేచీ

వ్యాఖ్యాత: నమస్కారం. ఒడిశాలోని బరంపురం నుంచి మాట్లాడుతున్నాం. రామనవమి పందిళ్ళు వచ్చాయంటే కచేరీలకన్నా కచేరీల మీద తగాదాలే ఎక్కువ. ఈ పూట ఆ తగాదానే తవ్వుదాం. మాతో వయొలిన్ మాస్టారున్నారు. మాస్టారూ, సూటిగా అడిగేస్తాను. పాట బాగుందో లేదో తేల్చడానికి కొలత అంటూ ఉందా? "నాకు నచ్చింది" అన్నాక ఇంకేటుంది?

మాస్టారు: నచ్చడం మీద నాకు పేచీ లేదమ్మా. నచ్చలేదని ఒప్పుకోవడానికి మొహమాటపడి "శ్రుతి లేదు" అని రాసేస్తారు చూడు, అక్కడే పేచీ. శ్రుతి ఉందా లేదా అన్నది వినొచ్చు, కొలవొచ్చు. దాన్ని అభిప్రాయంలా వాడకూడదు.

వ్యాఖ్యాత: కొలవొచ్చంటే ఇంకేం, ఫోనులో ట్యూనర్ పెట్టి మార్కులేసేయొచ్చు. మీరూ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు.

మాస్టారు: పెట్టి చూడు, రెండుచోట్ల బోర్లా పడతావు. స్వరాల మధ్య దూరాన్ని సెంట్లలో కొలుస్తారు. స్థాయికి, అంటే షడ్జం అనే "స" నుంచి పై "స" దాకా, 1200 సెంట్లు. కీబోర్డు మీద అంతర గాంధారం, అంటే పెద్ద "గ", షడ్జానికి 400 సెంట్ల దూరంలో ఉంటుంది. తంబురా మోగుతుంటే గొంతు తనంతట తాను వెళ్ళి కూర్చునేది 386 దగ్గర. అంటే కల్యాణి రాగంలో గాంధారం చక్కగా నిలిపిన పిల్లని ఆ యాప్ 14 సెంట్లు తక్కువంటుంది. పక్కన హార్మోనియం పెట్టుకుని మార్కులేసే జడ్జీలదీ ఇదే తంటా. పంచమంలో తేడా రెండే సెంట్లు, దానితో ఇబ్బంది లేదు.

వ్యాఖ్యాత: రెండోది?

మాస్టారు: తోడి రాగం. అందులో గాంధారం ఒకచోట నిలవదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. ఆ ఊపే రాగం. దాన్ని కదలకుండా నిలబెట్టి పాడితే యాప్ సంతోషిస్తుంది, తోడి మాత్రం ఉండదు. అందుకని శ్రుతి చూడాల్సింది స్వరం ఊగే గమకంలో కాదు, నిలుపుల్లో. షడ్జం, పంచమం, పై "స" అయిన తారషడ్జం. అదీ మొదటి పాటలో కాదు, మూడు నాలుగు పాటలయ్యాక. గొంతు అలిసిందంటే తారషడ్జం కిందికి జారడం మొదలవుతుంది. నాలుగైదుసార్లు అదే జారితే అప్పుడు రాయి. ఒక్కసారి తగలకపోతే వదిలెయ్యి.

వ్యాఖ్యాత: లయ మాటేటి? అది లెక్కేగా, అందులో రుచికి చోటెక్కడ?

మాస్టారు: లెక్క సరిపోయిందా అన్నది ఒక ప్రశ్న, ఎలా సరిపెట్టారన్నది ఇంకో ప్రశ్న. ఆదితాళం ఎనిమిది అక్షరాలు, అక్షరానికి నాలుగు మాత్రలు, మొత్తం 32. తాళం మొదటి దెబ్బ సమం. సమంలో మొదలుపెట్టి సమంలో దిగే ముక్తాయి, అంటే ముగింపు లెక్క, దానికి మూడు ముక్కలూ, మధ్యలో కార్వలనే రెండు ఖాళీలూ అనుకో. 8, 4, 8, 4, 8. సరిపోయింది. ఇప్పుడు పాట అందుకునే ఎత్తుగడ సమంలో లేదు, అర అక్షరం తరవాత ఉంది. అప్పుడు 34 కావాలి. 10, 2, 10, 2, 10 అని కట్టాలి. లేదంటే ముక్క 8 ఉంచి కార్వలు రెండూ అయిదేసి చెయ్యాలి. కట్టనివాడు ఏం చేస్తాడంటే, పాత 32నే ఎత్తుకుని రెండో కార్వని ఆరు మాత్రలకి సాగదీస్తాడు. ఎత్తుగడలో ఠంచనుగా దిగుతాడు. పందిరంతా చప్పట్లు. విమర్శకుడు "అద్భుతమైన లయజ్ఞానం" అని రాస్తాడు. దిగడమొక్కటే విన్నాడు, అతుకు వినలేదు.

వ్యాఖ్యాత: ఆ అతుకు అందరికీ వినపడదు కదండీ.

మాస్టారు: మొదటి కార్వలో వేళ్ళు లెక్కపెట్టు, రెండో కార్వలో లెక్కపెట్టు. రెండూ సమానమా కాదా, అంతే. సంగీతం రానివాళ్ళు కూడా చెయ్యగలిగిన పని. వర్ణం అనే రచనని రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, పాడినప్పుడూ అలాంటి పరీక్షే ఉంది. తాళం మారకూడదు, స్వరాలు మాత్రం రెట్టింపవ్వాలి. తొలి కాలంలో ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకి, 8 సెకన్లు పట్టిందనుకో, రెండో కాలంలోనూ 8 పట్టాలి. 9 పట్టిందంటే నిమిషానికి 60గా నడిచిన దెబ్బ 53కి పడిపోయిందన్నమాట. వేగంగా పాడాడని మనకి అనిపిస్తుంది, ఎందుకంటే స్వరాలు దగ్గర పడ్డాయి. కాలప్రమాణం మాత్రం జారిపోయింది.

వ్యాఖ్యాత: సరే, మీరు వేగం మీదకి వస్తున్నారు కాబట్టి నేను అడ్డం పడతాను. బిర్కాలు, అంటే గొంతు గిరగిర తిరిగే వేగపు స్వరాలు, కురిపించేవాళ్ళని చూస్తే పెద్ద విద్వాంసులంతా మొహం ముడుచుకుంటారు. "ఇది సర్కస్, సంగీతం కాదు" అంటారు. నాకైతే అది అసూయలా వినిపిస్తుంది. ఏళ్ళకేళ్ళు సాధన చెయ్యకపోతే ఆ గొంతు అలా తిరుగుతుందా?

మాస్టారు: తిరగదు. ఆ మాట నీదే రైటు. "సర్కస్" అనడం విమర్శ కాదు, విసుగు. నేనడిగేది ఒకటే. ఆ బిర్కా రికార్డింగుని సగం వేగానికి తగ్గించి విను. స్వరాలు విడివిడిగా ఉన్నాయా, ముద్దయ్యాయా? విడివిడిగా ఉంటే, ఆ రాగం నడకలో ఉన్నాయా? శహన రాగం తీసుకో. దిగేటప్పుడు "పమగమరిగరిస" అని వంకరగా దిగాలి. వేగంలో ఆ వంకర పట్టుకోలేక "పమగరిస" అని తిన్నగా జారిపోతే, గొంతు ఎంత చురుకైనదైనా రాగం పోయింది. అప్పుడు "అతివేగం" అని రాయక్కర్లేదు, "శహనలో అవరోహణ తిన్నగా వచ్చింది" అని రాయి. అదే వేగంలో వంకర నిలబెట్టారా, చేతులెత్తి దణ్ణం పెట్టు. నీకు వేగం గిట్టకపోయినా సరే.

వ్యాఖ్యాత: గిట్టకపోయినా?

మాస్టారు: గిట్టకపోయినా. ఇంకోటి, కష్టమంతా వేగంలోనే ఉందనుకోవడమూ తప్పే. చౌకకాలంలో, అంటే నిదానంగా పాడేటప్పుడు, రెండు దెబ్బల మధ్య ఖాళీని నింపకుండా, కదలకుండా పట్టుకోవడం చాలామందికి చేతకాదు. అది బయటికి కనపడని విద్య, అందుకే దానికి చప్పట్లు ఉండవు.

వ్యాఖ్యాత: కనపడడం అన్నారు గనక, ఒక పరిశోధన ఉంది. 2013లో చియా-జంగ్ త్సే అనే ఆవిడ ప్రచురించారు. పాశ్చాత్య సంగీతం పోటీల్లో చివరి రౌండుకొచ్చిన ముగ్గురిలో గెలిచిందెవరో చెప్పమన్నారు. శబ్దం తీసేసిన వీడియో చూసినవాళ్ళు, పాట మాత్రమే విన్నవాళ్ళకన్నా సరిగ్గా చెప్పగలిగారట. సంగీతం వృత్తిగా ఉన్నవాళ్ళు కూడా!

మాస్టారు: ఆశ్చర్యమేటి? మనవాళ్ళకి ఇది 13వ శతాబ్దంలోనే తెలుసు. శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమనే గ్రంథంలో గాయకుడి దోషాలు 25 లెక్కపెట్టాడు. అందులో తాళం తప్పే వితాలం, అపస్వరం ఉన్నాయి, అవి కొలిచేవి. పళ్ళు బిగించి పాడడం, ముక్కుతో పాడడం, అవి వినేవి. ఒంటెలా మెడ ఎత్తడం, అవయవాలు చాపడం, కళ్ళు మూసుకోవడం, ఇవి చూసేవి. ఇప్పుడు కళ్ళు మూసుకుని పాడితే "ఎంత లీనమయ్యారో" అంటాం! ఆయన పట్టీలో అది దోషం.

వ్యాఖ్యాత: చూశారా, మీ కొలతలు కాలంతో మారిపోతున్నాయి.

మాస్టారు: ఆ పట్టీలో కొన్ని మారాయి, కొన్ని మారలేదు. తాళం తప్పడం ఆరోజూ దోషమే, ఈరోజూ దోషమే. కళ్ళ సంగతి మారింది. అదే పట్టీలో "విరసం" అని కూడా ఉంది. రసం లేకపోవడం! దాన్ని ఏ గడియారంతో కొలుస్తావు? అక్కడ నువ్వే గెలిచావు, ఒప్పుకుంటున్నాను.

వ్యాఖ్యాత: థాంక్సండీ. మరి మన ఊళ్ళో ఇంకో చిక్కుంది. ఒకే వేదిక మీద ఇటు కర్ణాటక సంగీతం కృతి, అటు ఒడియా చంపు పాట. ఒకే జడ్జీ, ఒకే మార్కుల కాగితం.

మాస్టారు: అది అన్యాయం. గంజాం కవి కవిసూర్య బలదేవ రథ్ రాసిన కిశోరచంద్రానన చంపులో 34 పాటలు, "క" నుంచి "క్ష" దాకా అక్షరానికొకటి, పాటలో పాదాలన్నీ ఆ అక్షరంతోనే మొదలవ్వాలి. దాన్ని ఒడిస్సీ పద్ధతిలో మర్దళ వాద్యం మీద పాడుతుంటే, కర్ణాటక కచేరీలో అప్పటికప్పుడు అల్లే నెరవు ఏదీ, కల్పనస్వరాలేవీ అని మార్కులు కోసేస్తే ఎలా? ఆ పాటకి అవి అక్కర్లేదు. అక్కడ చూడాల్సింది ఆ అక్షరం ప్రతి పాదం ఎత్తుగడలో స్పష్టంగా పలికిందా, సాహిత్యం విరగకుండా ఊపిరి ఎక్కడ తీశారు, ఆందోళన గమకం ఆ పద్ధతిలో ఉందా అన్నది. అవి పట్టుకోగలిగే ఒడియా జడ్జీ పక్కన ఉండాలి. లేదంటే రెండు బహుమతులు విడివిడిగా పెట్టండి, పీడా పోతుంది.

వ్యాఖ్యాత: మార్కుల కాగితం ఎలా ఉండాలంటారు?

మాస్టారు: శ్రుతికి 20, లయకి 20, భావానికి 20 అని కూడడం మానెయ్యాలి. కూడితే ఏమవుతుందంటే, ఎక్కడా తప్పు చెయ్యనివాడు, ఎక్కడా ఏమీ చెయ్యనివాడు గెలుస్తాడు. శ్రుతి, లయ గడపలాగ ఉండాలి. దాటారా లేదా, అంతే. దాటినవాళ్ళలో ఎవరు పైన అన్నది జడ్జీలు మాట్లాడుకుని తేల్చాలి. కానీ మాట్లాడుకునే ముందు ఎవరి వరస వాళ్ళు కాగితం మీద రాసేసి ఉండాలి. లేకపోతే పెద్దాయన ఒక్కమాటతో మిగతా ఇద్దరూ వంగిపోతారు.

వ్యాఖ్యాత: మొదట పాడినవాళ్ళకి ఎప్పుడూ తక్కువే పడుతుందని పిల్లల తల్లిదండ్రులు గోలపెడతారు.

మాస్టారు: ఉత్త గోల కాదు. బెల్జియంలో క్వీన్ ఎలిజబెత్ పోటీ ఉంది కదా, అక్కడ వంతులు లాటరీ తీసే ఇస్తారు. 1996లో ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు ఫలితాలు తిరగేసి, ముందు వాయించినవాళ్ళు కింది ర్యాంకుల్లో పడుతున్నారని చూపించారు. జడ్జీ మొదట్లో చెయ్యి బిగించి వేస్తాడు, తరవాత ఎవరొస్తారో తెలీదు గనక. దానికి మందు, పోటీలో లేని ఒకరిచేత ముందు పాడించి, జడ్జీలు ఆ పాటకి మార్కులేసి సరిచూసుకోవడం. ఆ కాగితం చించి పారెయ్యొచ్చు.

వ్యాఖ్యాత: ఆఖరిగా, కచేరీ మీద రాయాలనుకునే కుర్రాళ్ళకి?

మాస్టారు: ముందు కూర్చునే చోటు చూసుకోమను. స్పీకరు బాక్సు పక్కన కూర్చుంటే మృదంగం తప్ప ఏమీ వినపడదు. వేదికకి ఎదురుగా, మధ్య వరసల్లో. మైకువాడు ఎకో పెంచాడా లేదా అన్నది మొదటి పాటలోనే రాసుకోవాలి. ఎకో ఎక్కువుంటే ఒక స్వరం తోక ఇంకో స్వరం మీద పడుతుంది, స్వరాలన్నీ అలికేసినట్టు ఉంటాయి. ఆ రోజు ముద్దగా పాడారని రాయడానికి వీల్లేదు. పాట మధ్యలో ఒకడు లేచి వెళ్ళి ఎకో తగ్గించమంటే మరీ మంచిది.

వ్యాఖ్యాత: మన పందిట్లో మైకువాడు వింటాడంటారా?

మాస్టారు: కమిటీవాళ్ళ చేత చెప్పించు. మనం చెబితే వినడు.