ముడతలు గీసేస్తే ముసలమ్మ అయిపోదు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు, మళ్లీ చదివి మీ ఓపిక పరీక్షించను.

కింద హాల్లో మీ బొమ్మలు చూశాను. ముసలమ్మలు చాలామందే ఉన్నారు, సంతోషం. కానీ అన్నిటికీ ఒకటే ఫార్ములా: పక్కనుంచి గట్టి వెలుగు, మొహం నిండా చార్‌కోల్ (బొగ్గు) గీతలు, కింద "ఒంటరితనం" అనో "జీవన సంధ్య" అనో పేరు. ఆవిడ ఒంటరిదని మీకెవరు చెప్పారు? అడిగారా?

1514లో జర్మనీలో డ్యూరర్ అనే చిత్రకారుడు వాళ్లమ్మ బార్బరాని గీశాడు, అదీ చార్‌కోలే. ఆవిడకి 63 ఏళ్లు, 18 మందిని కన్న తల్లి, తర్వాత రెండు నెలలకే పోయింది. అందులో చెంప ఎముక, మెడ నరాలు, కాలర్ ఎముక చూడండి, చర్మం వాటిని పట్టుకుని వేలాడుతుంటుంది. మీరు ఎముక వదిలేసి ముడతలు లెక్కపెడుతున్నారు. ముడతకి ఎత్తూ పల్లం ఉంటాయి కదా, బొగ్గును పడుకోబెట్టి రుద్దండి, మెత్తటి రబ్బరుతో వెలుగు తీయండి, గీత ఆఖర్న.

బొమ్మ గీయడానికి మా అమ్మమ్మని కూర్చోబెట్టినప్పుడు ఆవిడే ఆర్డరేసింది: "ఒరే, ముడతలు ఎలాగూ వేస్తావు, చెవులు సరిగ్గా వెయ్యి." బరువు కమ్మలు మోసీ మోసీ సాగిపోయిన తమ్మెలు, చీలికలా మారిన బెజ్జం, అందులో వేప పుల్ల. కమ్మలు తాకట్టుకి వెళ్లాయి, బెజ్జం పూడిపోకూడదని పుల్ల పెట్టుకుంది, అంటే వాటిని విడిపిస్తారని ఇంకా నమ్మకమే! ఎవరు తాకట్టు పెట్టారో చెబితే మా మామయ్యలు ఇప్పటికీ కొట్టుకుంటారు, వదిలేద్దాం. ఆ పుల్ల గీయడానికి నాకు మొహమంతటికీ పట్టినంత టైం పట్టింది.

ఇంకోటి చెప్పి దిగిపోతాను. అమెరికాలో ఆలిస్ నీల్ అనే చిత్రకారిణి 1980లో, 80 ఏళ్ల వయసులో, తన నగ్న చిత్రం పూర్తి చేసింది. చారల కుర్చీ, కళ్లజోడు, జారిన పొట్ట, ఒంటి చుట్టూ నీలి గీత. చేతిలో బ్రష్ ఉంది చూశారా, ఆవిడ పనిలో ఉంది! జాలి పడటానికి సందే ఇవ్వలేదు.

డ్యూరర్ తన బొమ్మ మీదే రాసుకున్నాడు, ఇది ఆల్బ్రెక్ట్ డ్యూరర్ తల్లి అని, వయసుతో సహా. మీ లేబుళ్లు పెన్సిల్‌తోనే ఉన్నాయి, చెరపడం తేలిక. మీ బొమ్మలోని ముసలమ్మ ఒప్పుకుంటే ఆవిడ పేరే రాయండి. పేరు తెలియదంటే వెళ్లి అడగండి, వెళ్లేటప్పుడు ఆవిడ కూర్చున్న గంటలకి కూలి కూడా పట్టుకెళ్లండి.