అప్‌డేట్ వచ్చిన రోజు సౌండ్ ఇంజనీరుకు కోపం ఎందుకు వస్తుంది?

[తెరపై: రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కిటికీ. దాని నడుమ ఒక చిన్న పెట్టె: "కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది."]

గాయని మైకు ముందు నిలబడి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గొంతు సవరించుకుంటున్నారు. సరిగ్గా ఆ సమయానికి కంప్యూటరు తెర మీద ఈ పెట్టె కనిపిస్తుంది. అనుభవం ఉన్న సౌండ్ ఇంజనీరు దానిని మూసివేసి రికార్డింగ్ మొదలుపెడతారు. అనుభవం లేనివారు "సరే" అని నొక్కుతారు. అరగంట గడిచాక, నిన్నటిదాకా పనిచేసిన రివర్బ్ ప్లగిన్ (గొంతుకు గదిలో పాడినట్లు ప్రతిధ్వని చేర్చే అదనపు చిన్న ప్రోగ్రాము) ఎందుకు కనిపించడం లేదో తెలియక మెనూలన్నీ వెతుకుతూ ఉంటారు. ఈలోగా గాయని గొంతులోని తాజాదనం పోతుంది. అప్‌డేట్ల మీద వినియోగదారులు రాసే ఘాటైన మాటల వెనుక చాలాసార్లు ఇలాంటి అరగంట ఒకటి ఉంటుంది.

ఆ మాటలను పైపైన చదివినవారికి, సంగీతం చేసేవారు మార్పును ఇష్టపడరేమో అనిపించవచ్చు. నేను వాటిని చాలా కాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. వాటిలో ఎక్కువ భాగం అడిగేది ఒకే ప్రశ్న: "ఇది మారబోతోందని నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అందువల్ల అప్‌డేట్ గురించి, దానితో వచ్చే రాతల గురించి, అంటే ఏమేమి మారాయో చెప్పే రిలీజ్ నోట్స్, మాన్యువల్, సహాయ పుటల గురించి, విడివిడిగా మాట్లాడడం కుదరదని నా అభిప్రాయం. వాటిని రాయడం కూడా సాఫ్ట్‌వేర్ తయారీలో భాగమే.

[తెరపై: ఒక ప్రాజెక్టు ఫోల్డరు. అందులో ఆడియో ఫైళ్లు, వాటి పక్కన ఒక చిన్న ప్రాజెక్టు ఫైలు.]

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఈ సమస్య ఇంత తీవ్రంగా ఎందుకు ఉందో తెలియాలంటే, ప్రాజెక్టు ఫైలులో ఏముంటుందో చూడాలి. అందులో పూర్తయిన పాట ఉండదు. ఏ రికార్డింగు ఏ క్షణంలో మొదలవ్వాలి, దాని మీద ఏ ప్లగిన్ ఏ విలువలతో పనిచేయాలి, శబ్దం ఏ చోట పెరగాలి, ఏ చోట తగ్గాలి అనే సూచనలు మాత్రమే ఉంటాయి. మనం ప్లే నొక్కిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ ఆ సూచనలను చదివి పాటను మొదటి నుంచి మళ్లీ తయారుచేస్తుంది. కాబట్టి సూచనలను చదివే తీరు కొద్దిగా మారినా, అందులో పేర్కొన్న ఒక్క ప్లగిన్ లోపించినా, మూడేళ్ల క్రితం ముగించిన మిక్స్ (అన్ని శబ్దాలనూ తూకంగా కలిపిన పాట) ఈ రోజు మరోలా వినిపించవచ్చు. వార్తలు చదివే యాప్‌లో ఒక బటన్ చోటు మారితే విసుగు కలుగుతుంది, అంతే. ఇక్కడ మారేది మన పని.

[తెరపై: ప్రో టూల్స్ పేరు, పక్కన 2013 అన్న సంవత్సరం.]

దీనికి మంచి ఉదాహరణ 2013లో వచ్చిన ప్రో టూల్స్ 11 అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వెర్షన్. అంతకుముందు ఆ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు నిమిషాల పాటను ఫైలుగా బయటికి తీయాలంటే నాలుగు నిమిషాలూ కూర్చుని వినవలసిందే. వినకుండా వేగంగా తీసే సౌకర్యం కావాలని వినియోగదారులు ఏళ్ల తరబడి అడిగారు. 11వ వెర్షన్ దానిని ఇచ్చింది. అదే వెర్షన్ పాత 32 బిట్ నుంచి పూర్తిగా 64 బిట్‌కు, అంటే ఎక్కువ మెమరీని వాడుకోగల కొత్త తరం పద్ధతికి మారి, ఏఏఎక్స్ అనే కొత్త రకం ప్లగిన్లను మాత్రమే అంగీకరించింది. అప్పటివరకు వాడుకలో ఉన్న ఆర్టీఏఎస్, టీడీఎం ప్లగిన్లు అందులో తెరుచుకోవు. ఒకే చేతితో పెద్ద కానుక ఇచ్చి, అదే చేతితో అల్మరా ఖాళీ చేసినట్లు అయింది. ఒకే విడుదల మీద ఒకే రోజున కృతజ్ఞత, ఆగ్రహం రెండూ వెలువడడంలో వింతేమీ లేదు, ఎందుకంటే రెండింటికీ బలమైన కారణాలున్నాయి. అయితే ప్రో టూల్స్ కంపెనీ 10, 11 వెర్షన్లు రెండింటినీ ఒకే కంప్యూటరులో పక్కపక్కనే ఉంచుకునే వీలు కల్పించింది. పాత పనులు పాత వెర్షన్‌లో ముగించుకుని, కొత్త పనులు కొత్తదానిలో మొదలుపెట్టే దారి అది. నా దృష్టిలో ఇది ఏ కొత్త సౌకర్యానికీ తీసిపోదు.

ఇలాంటి మలుపు దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఎదురైంది. క్యూబేస్ 2016 చివర వచ్చిన 9వ వెర్షన్‌తో 32 బిట్ ప్లగిన్లను వదిలేసింది. 2019లో మ్యాక్ కంప్యూటర్లకు వచ్చిన కేటలీనా అనే ఆపరేటింగ్ సిస్టం, 32 బిట్ ప్రోగ్రాములను అసలు నడపనే నడపదు. అలాంటప్పుడు తప్పు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ది కాకపోయినా, ముందుగా తిట్లు తినేది అదే.

[తెరపై: రెండు రిలీజ్ నోట్స్ నమూనాలు, పక్కపక్కన.]

ఇక రిలీజ్ నోట్స్ సంగతి చూద్దాం. ఎడమ వైపున ఉన్న నమూనాలో "వివిధ మెరుగుదలలు, దోషాల సవరణలు" అని ఒకే వాక్యం ఉంది. కుడి వైపున ఉన్న నమూనాలో "మిడి ఎడిటర్: స్వరాన్ని సాగదీసినప్పుడు దాని తీవ్రత విలువ పోతున్న దోషాన్ని సవరించాము" అని ఉంది (మిడి అంటే స్వరాలను శబ్దంగా కాక సూచనలుగా రాసుకునే పద్ధతి). మొదటిది చదివినవారికి తాము చేస్తున్న పనికి ఈ అప్‌డేట్ అవసరమో కాదో తెలియదు. రెండవది చదివినవారు అరక్షణంలో నిర్ణయం తీసుకుంటారు. రీపర్ అనే సాఫ్ట్‌వేర్ ఈ విషయంలో ఎన్నో ఏళ్లుగా మంచి పద్ధతి పాటిస్తోంది. చిన్న చిన్న అప్‌డేట్లు తరచుగా వస్తాయి. ప్రతిదానిలో మారిన అంశాలు విభాగాల పేర్లతో, ఒక్కో మార్పుకు ఒక్కో వరుస చొప్పున జాబితాగా ఉంటాయి. ఆ జాబితా సాఫ్ట్‌వేర్ సహాయ మెనూలోనే దొరుకుతుంది. పైగా సాఫ్ట్‌వేర్‌ను ఒక ఫోల్డరులో విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే పోర్టబుల్ పద్ధతి ఉంది కనుక, అసలు పనికి ఏ హానీ లేకుండా కొత్త వెర్షన్‌ను పరీక్షించవచ్చు. అలాంటి చోట వినియోగదారుల స్పందన కూడా నెమ్మదిగా, వివరంగా ఉండడం నేను గమనించాను. స్పష్టంగా చెప్పినవారికి స్పష్టమైన జవాబు వస్తుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనవి చడీచప్పుడు లేకుండా మారే డిఫాల్ట్ విలువలు, అంటే మనం ఏమీ ఎంచుకోకపోతే సాఫ్ట్‌వేర్ తనంతట తాను వాడే విలువలు. పాన్ లా అనే అమరికను తీసుకోండి. ఒక శబ్దాన్ని రెండు స్పీకర్లకూ సమానంగా పంపితే, పక్కకు పంపినప్పటి కంటే మధ్యలో ఉన్నప్పుడు అది పెద్దగా వినిపిస్తుంది. దానిని సరిచేయడానికి సాఫ్ట్‌వేర్ మధ్యలోని శబ్దాన్ని కొంత తగ్గిస్తుంది. ఎంత తగ్గించాలి, 3 డెసిబెల్సా, 4.5 డెసిబెల్సా, 6 డెసిబెల్సా అన్నది ఆ అమరిక నిర్ణయిస్తుంది. పాత ప్రాజెక్టులోని ట్రాకులను, వేరే అమరిక ఉన్న కొత్త ప్రాజెక్టులోకి తెచ్చుకుంటే, మధ్యలో ఉన్న గొంతుకూ పక్కలనున్న గిటార్లకూ ఉన్న తూకం చెడిపోతుంది. ఎర్రటి హెచ్చరిక ఏదీ కనిపించదు. నాకు సరిగ్గా ఇదే జరిగింది. ఒక అప్‌డేట్ తర్వాత మొదలుపెట్టిన ప్రాజెక్టులో గొంతు వెనక్కి వెళ్లినట్లు అనిపించి, రెండు సాయంత్రాలు నా చెవులను నేనే అనుమానించుకున్నాను. కొత్త ప్రాజెక్టులకు ఆ అమరిక మారిందన్న సంగతి రిలీజ్ నోట్స్‌లో లేదు. కంపెనీ సహాయకులు మరెవరికో ఇచ్చిన జవాబులో ఒక మూల దొరికింది. ఒక్క వరుస రాసి ఉంటే ఆ రెండు సాయంత్రాలూ నాకు మిగిలేవి.

[తెరపై: ఆడాసిటీ గుర్తు. కింద "పాత ప్రాజెక్టు ఫైలు (.aup)", దాని పక్కన వందలాది చిన్న ఫైళ్లున్న ఫోల్డరు బొమ్మ.]

ఆడాసిటీ కథ ఈ విషయంలో చాలా నేర్పుతుంది. ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాత పద్ధతి ప్రకారం, ఒక ప్రాజెక్టు అంటే ఒక చిన్న ఫైలు, దానికి తోడుగా శబ్దపు ముక్కలన్నీ ఉండే ఒక ఫోల్డరు. ఆ రెండింటినీ విడదీయకూడదని మాన్యువల్ చెబుతూనే ఉండేది. అయినా కొత్తగా వచ్చినవారు చిన్న ఫైలును మాత్రమే కాపీ చేసుకుని, ఫోల్డరును చెరిపివేసి, రికార్డింగు మొత్తం పోగొట్టుకునేవారు. 2021 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్ అన్నిటినీ ఒకే ఫైలులోకి తెచ్చింది. మాన్యువల్‌లో పదే పదే హెచ్చరించవలసి వస్తోందంటే, ఆ హెచ్చరిక అవసరమే లేకుండా సాఫ్ట్‌వేర్‌ను మార్చడం ఉత్తమమని ఈ మార్పు చూపింది. దీనికీ ఒక మూల్యం ఉంది. కొత్త ప్రాజెక్టును పాత వెర్షన్లు తెరవలేవు. కనుక జట్టులో ఒకరు అప్‌డేట్ చేసుకుంటే మిగిలినవారూ చేసుకోక తప్పదు.

అదే సంవత్సరం ఆ సాఫ్ట్‌వేర్ మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. మే నెలలో, వినియోగ సమాచారాన్ని సేకరించే ప్రతిపాదన ఒకటి వచ్చింది. అది వినియోగదారుడు ఒప్పుకుంటేనే పనిచేసేదైనా, తీవ్రమైన వ్యతిరేకత రావడంతో వెనక్కి తీసుకున్నారు. జూలైలో వెలువడిన గోప్యతా విధానం మరో దుమారం రేపింది. అందులో చట్ట అమలు సంస్థలకు సమాచారం ఇవ్వడం గురించిన వాక్యం, 13 ఏళ్ల లోపు పిల్లలు వాడరాదన్న వాక్యం చదివినవారు దానిని నిఘా సాఫ్ట్‌వేర్ అనేదాకా వెళ్లారు. రాత అస్పష్టంగా ఉన్నందుకు కంపెనీ విచారం తెలిపి, దానిని తిరగరాసింది. ఆ జూలై గొడవకు కారణం ప్రోగ్రాములో వచ్చిన కొత్త పని కాదు. ఒక పత్రంలోని భాష. న్యాయవాదుల భాషలో రాసిన పుటను సంగీతం చేసేవారి ముందు పెట్టినప్పుడు, ఖాళీగా ఉన్న చోటల్లా భయం వచ్చి చేరుతుంది. వినియోగదారులు కొన్ని మాటలు అతిగా అన్నారన్నది నిజమే. కానీ వారు అడిగి ఉండకపోతే ఆ పత్రం అలాగే ఉండిపోయేది.

లైసెన్సుల విషయంలో చెప్పవలసింది తక్కువ. 2023 మార్చిలో వేవ్స్ కంపెనీ తన ప్లగిన్లను ఇకపై చందా పద్ధతిలోనే ఇస్తామని ప్రకటించి, నిరసన చూసి కొద్ది రోజుల్లోనే శాశ్వత లైసెన్సులను తిరిగి తెచ్చింది. కేక్‌వాక్ సోనార్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు జీవితకాల అప్‌డేట్లు కొనుక్కున్నవారు, 2017 నవంబరులో యజమాని కంపెనీ గిబ్సన్ దాని అభివృద్ధిని ఆపివేస్తున్నట్లు ప్రకటించినప్పుడు నిస్సహాయులయ్యారు. మరుసటి ఏడాది బ్యాండ్‌ల్యాబ్ అనే కంపెనీ దానిని తీసుకుని ఉచితంగా ఇవ్వడంతో కథ మంచి మలుపు తిరిగింది. చందా ఆగినా, కంపెనీ మారినా పాత పాటలు తెరుచుకుంటాయా అన్నదే ఇక్కడ అసలు బెంగ. ప్రకటన రాసేవారు మొదటి వాక్యంలోనే దానికి జవాబు చెప్పాలి.

[తెరపై: మాన్యువల్‌లోని ఒక పుట. "బఫర్ పరిమాణం: బఫర్ పరిమాణాన్ని ఎంచుకోవడానికి ఉపయోగపడుతుంది."]

మాన్యువళ్ల మీద వచ్చే ఫిర్యాదు ఈ తెర మీద ఉన్న వాక్యంలో ఇమిడి ఉంది. బటన్ పేరునే వివరణగా తిప్పి రాస్తే అది వివరణ కాదు. బఫర్ అంటే శబ్దాన్ని ముక్కలుగా పోగుచేసి ప్రాసెసరుకు అందించే తొట్టి. సెకనుకు 48,000 శాంపిళ్ల (శబ్దపు కొలతల) వేగంలో 256 శాంపిళ్ల బఫర్ నిండడానికి సుమారు 5.3 మిల్లీసెకన్లు పడుతుంది. 1024కు పెంచితే అది 21 మిల్లీసెకన్లు దాటుతుంది. పాడేవారికి తమ గొంతు హెడ్‌ఫోన్లలో ఆలస్యంగా వినిపించి తాళం తప్పుతుంది. మరీ తగ్గిస్తే కంప్యూటరు అందుకోలేక చిటపటలు వస్తాయి. కాబట్టి రికార్డు చేసేటప్పుడు తగ్గించుకోవాలి, మిక్స్ చేసేటప్పుడు పెంచుకోవాలి. ఇన్ని మాటలు చెప్పడానికి అరపుట చాలు. అయినా ఎన్నో మాన్యువళ్లు ఈ అరపుట రాయకుండా, మెనూలోని ప్రతి పదాన్నీ వరుసగా చూపించి ముగించేస్తాయి. అలాంటి పుస్తకం అంతా తెలిసినవారికి పదకోశంలా పనికివస్తుంది. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవారిని గుమ్మం దగ్గరే నిలబెడుతుంది. ఎబుల్టన్ లైవ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో పాఠాలు సాఫ్ట్‌వేర్ కిటికీలోనే ఒక పక్కన తెరుచుకుంటాయి, మౌస్ ఏ బటన్ మీద ఉంటే దాని వివరణ కింది మూలలో కనిపిస్తుంది. చెయ్యి పని చేసే చోటికే వివరణ రావడం నాకు చాలా నచ్చిన పద్ధతి.

ఇప్పుడు వినియోగదారుల వైపు నుంచి ఒక మాట. "అప్‌డేట్ అంతా పాడుచేసింది" అన్న వాక్యంతో ఏ ప్రోగ్రామరూ ఏమీ చేయలేరు. ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మారారు, ఏ ఆపరేటింగ్ సిస్టం, ఏ ప్లగిన్, ఖాళీ ప్రాజెక్టులో ఏయే మెట్లు వరుసగా చేస్తే అదే దోషం మళ్లీ కనిపిస్తుంది అన్నవి రాస్తే, ఆ దోషం వారి బల్ల మీద కూడా పునరావృతమవుతుంది. అప్పుడే అది సవరణ దాకా వెళుతుంది. కోపం ఉండవచ్చు, దానిని చివరి వాక్యంలో పెట్టండి.

[తెరపై: ఒక ప్రాజెక్టు ఫోల్డరులో "వివరాలు" అన్న చిన్న టెక్స్ట్ ఫైలు తెరుచుకుంటుంది.]

నేను పాటించే పద్ధతి చూపించి ముగిస్తాను. ఒక పాట నడుస్తుండగా అప్‌డేట్ చేయను. పాట ముగియగానే ప్రతి ట్రాకునూ మొదటి సెకను నుంచి చివరి దాకా ఆడియోగా బయటికి తీసి భద్రపరుస్తాను, ఎందుకంటే ఆ ఫైళ్లను దాదాపు ఏ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ అయినా తెరుస్తుంది. పాత వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను దాచి ఉంచుతాను. కొత్త వెర్షన్‌లో పాత ప్రాజెక్టును తెరవవలసి వస్తే, ముందుగా వేరే పేరుతో సేవ్ చేస్తాను. తెర మీద కనిపిస్తున్న ఈ చిన్న ఫైలులో సాఫ్ట్‌వేర్ వెర్షన్, వాడిన ప్లగిన్ల పేర్లు, వాటి వెర్షన్లు, శాంపిల్ రేటు, పాన్ లా అమరిక రాసి పెడతాను. దీనికి ఐదు నిమిషాలు పడుతుంది.